పరిశోధనలో వ్యర్థమేది?

ప్రభుత్వాలు పరిశోధనల పేరిట ప్రజాధనాన్ని మంచినీళ్ళ ప్రాయంగా ఖర్చు చేస్తున్నాయన్న ఫిర్యాదు మనకు కొత్తది కాదు. పెట్రోలుకు బదులు మరొక ఇంధనం కనిపెట్టే ప్రయత్నాల విషయంలో ఈ ఫిర్యాదు మరీ బిగ్గరగా వినవస్తుంది. హైడ్రోజన్ కారన్నారు, అడవి ఆముదం నూనె అన్నారు, చెరకు ఆల్కహాలన్నారు, కోట్లు కుమ్మరించారు. ఇంతా చేసి తెల్లవారితే మన బండి పెట్రోలు బంకు ముందే నిలబడుతున్నది గదా అని దాని సారాంశం. దీనికి ఎదురుగా మరొక వాదం ఉన్నది. విజ్ఞానాన్ని రూపాయల తక్కెడలో తూచరాదనీ, వంద ప్రయోగాలు విఫలమైతేగాని ఒకటి ఫలించదనీ, అడిగినంత ఇచ్చి ఊరుకోవడమే నాగరిక సమాజం చేయవలసిన పని అనీ ఆ వాదం. మొదటి మాట అనేవాళ్ళలో చాలామందికి తమ పన్ను తగ్గితే చాలు. రెండవ మాట అనేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే. విజ్ఞానం పట్ల గౌరవం అభ్యుదయవాదికి సహజం. అయితే గౌరవం వేరు, భక్తి వేరు. భక్తుడు లెక్క అడగడు.

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఒక మాటను పట్టుకుని మొదలుపెడతాను. అర్థం లేనిది వ్యర్థం. అర్థమంటే ధనం, అర్థమంటే ప్రయోజనం, అర్థమంటే తాత్పర్యం కూడా. ధనం పోయిందంటే, అంతమాత్రాన వ్యర్థమైందని కాదు. అనుకున్న ప్రయోజనం నెరవేరకపోయినా, ఎందుకు నెరవేరలేదో తెలిసివస్తే అది కూడా వ్యర్థం కాదు. ఆ దారిన మరొకడు పోకుండా ఆగుతాడు. మూడూ పోయిన చోట వ్యర్థమనే మాట చెల్లుతుంది. ధనం ఒకరిది పోయి, ప్రయోజనం మరొకరికి దక్కి, తాత్పర్యం ఎవరి బీరువాలోనో తాళం పడిన చోట ఇంకా బాగా చెల్లుతుంది.

ఈ దృష్టితో చూస్తే ఇంధన పరిశోధన చరిత్రలో అతి పెద్ద వ్యర్థం ఏదో విఫలమైన ప్రయోగం కాదు. బ్రహ్మాండంగా విజయవంతమైన ప్రయోగం. ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

1920 ప్రాంతంలో మోటారు కారుకు పెద్ద జబ్బు ఇంజను కొట్టుకోవడం. సిలిండరులో పెట్రోలు ఆవిరి తన వేళకు మండక, నొక్కుడు ఎక్కువైనప్పుడు ముందే భగ్గుమని, సుత్తితో కొట్టినట్లు చప్పుడయ్యేది. శక్తి వృథా అయ్యేది, ఇంజను పాడయ్యేది. దీనికి మందు వెదకవలసిన పని జనరల్ మోటార్సు పరిశోధనశాలలో థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజనీరు మీద పడింది. మందు వాళ్ళకు తెలియకపోలేదు. ఆల్కహాలు కలిపితే ఇంజను కొట్టుకోదు. 1921లో నూటికి 30 పాళ్ళు ఆల్కహాలు కలిపిన పెట్రోలుతో డేటన్ నుండి ఇండియానాపోలిస్ దాకా కారు నడిపి చూపించారు కూడా. కాని ఆల్కహాలు ఎవరైనా కాచుకోగలిగినది. జొన్న ఉన్నవాడు, చెరకు ఉన్నవాడు, బట్టీ పెట్టగలిగినవాడు ప్రతివాడూ తయారుచేస్తే దానిమీద పేటెంటు ఎవరికి? అదే సంవత్సరం డిసెంబరులో టెట్రా ఎథిల్ లెడ్ అనే సీసపు రసాయనం అదే పని చేస్తుందని తేలింది. గాలనుకు కొద్ది గ్రాములు చాలు. దానిమీద హక్కు సంపాదించవచ్చు, అమ్మే ప్రతి గాలను మీద వాటా తీసుకోవచ్చు. పేరులోనుంచి సీసాన్ని తీసివేసి 'ఎథిల్' అని బజారులోకి విడిచారు.

సీసం విషమని మానవజాతికి వేల ఏళ్ళుగా తెలుసు. 1923 నాటికి మిడ్‌గ్లీకే సీసం సోకి, విశ్రాంతి కోసం ఫ్లారిడా పోవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఈ రసాయనం తయారుచేసే కార్మికులు ఐదుగురు పిచ్చెత్తి చనిపోయారు. చాలామంది ఆసుపత్రుల పాలయినారు. మరుసటి ఏడు మే నెలలో అమెరికా ప్రజారోగ్యశాఖ ఒక సమావేశం జరిపింది. అది ఒక్క రోజు సాగింది. కంపెనీ ప్రతినిధి ఈ రసాయనం దేవుడిచ్చిన వరంవంటిదన్నాడు. హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి వచ్చిన ఆలిస్ హామిల్టన్, కార్మికుల జబ్బులను కర్మాగారాల వెంట తిరిగి పరిశీలించిన వైద్యురాలు, సీసాన్ని వీధుల్లో వెదజల్లడం తప్పని కుండబద్దలు కొట్టినట్లు చెప్పింది. నిషేధించడానికి తగిన ఆధారాలు లేవనీ, ప్రజాధనంతో పరిశోధన మాత్రం కొనసాగాలనీ 1926లో కమిటీ తేల్చింది. అమ్మకాలు మళ్ళీ మొదలయినాయి. ప్రజాధనంతో జరగవలసిన పరిశోధన జరగలేదు.

తరువాత సుమారు 40 ఏళ్ళు ఈ విషయం మీద జరిగిన పరిశోధనలో ప్రధాన భాగం ఆ పరిశ్రమ సొమ్ముతోనే, సిన్సినాటిలో రాబర్ట్ కీహో అనే వైద్యుని చేతిమీదుగా జరిగింది. ఆయన వాదానికి ఆధారం ఒక్కటే: మనిషి ఒంట్లో ఎల్లప్పుడూ కొంత సీసం ఉంటుంది, అది సహజం. హాని ఉన్నదని ఎదుటివాడు నిరూపించేవరకు మనం అమ్ముకోవచ్చు. నిరూపించడానికి కావలసిన పరిశోధనశాల ఎదుటివాడికి లేదన్న సంగతి ఆయనకు తెలియదనుకోవాలా?

ఈ గోడను బద్దలుకొట్టినవాడు ఇంధన శాస్త్రజ్ఞుడు కాదు, వైద్యుడు కాదు. భూమి వయస్సు ఎంత అని లెక్కవేస్తూ కూర్చున్న క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రజ్ఞుడు. ఉల్కలలోని సీసాన్ని కొలిచి భూమికి 455 కోట్ల ఏళ్ళని 1956లో తేల్చిన మనిషి. పన్ను చెల్లించే పెద్దమనిషిని ఎవరినైనా అడగండి: భూమి వయస్సు తెలిస్తే ఎవరికి ఒక పూట కూడు దొరుకుతుంది? వ్యర్థ పరిశోధనల జాబితాలో ఇది మొదటిది కావలసింది. కాని కొలవబోయినప్పుడల్లా ప్యాటర్సన్ పరికరాలలోకి, గాజు గిన్నెల్లోకి, నీళ్ళలోకి, గాలిలోకి ఎక్కడెక్కడి సీసమో వచ్చిపడేది. ఇది ఎక్కడినుంచి వస్తున్నదని వెదుక్కుంటూ పోయి, మన ఒంట్లో ఉన్న సీసం సహజమైనది కాదనీ, మోటార్ల పొగలోనుంచి వచ్చిందనీ 1965లో రాశాడు. చమురు పరిశ్రమ అంతవరకు ఆయనకిస్తున్న నిధులు ఆగిపోయినాయి. ఆయన మానలేదు. అమెరికాలో 1970 తరువాత సీసం తగ్గించడం మొదలయింది. మన దేశంలో 2000లో అంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో మానింది. ఒక తప్పు నిర్ణయాన్ని సరిదిద్దుకోవడానికి నూరేళ్ళు.

ఇందులో ఏ పరిశోధన ఉపయోగకరం, ఏది వ్యర్థం? కంపెనీ లెక్కలో సీసం పరిశోధన ఖర్చుకు వేల రెట్లు రాబడి ఇచ్చింది. భూమి వయస్సు పరిశోధన దమ్మిడీ ఇవ్వలేదు. ఫలితం వచ్చిందా రాలేదా అనే కొలతతో వ్యర్థాన్ని కొలవరాదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదనుకుంటాను.

సీసం కథలో చేయవలసిన పరిశోధన చేయలేదు. దీనికి తలక్రిందులైన మరొక పద్ధతి ఉన్నది: చేయవలసిన పని చేయకుండా ఉండడానికి పరిశోధన చేయడం. 1993లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్, జనరల్ మోటార్సు, ఫోర్డు, క్రైస్లరు కంపెనీలతో కలిసి ఒక పథకం ప్రకటించాడు. గాలనుకు 80 మైళ్ళు నడిచే కుటుంబపు కారు, 2004 నాటికి. ప్రభుత్వ పరిశోధనశాలలన్నీ కంపెనీలకు తోడు. నిజానికి మైలేజి పెంచమని చట్టం చేయవలసిన చోట ఈ పథకం వచ్చి కూర్చున్నది. అంతేకాదు, 1996 నుండి 2001 దాకా మైలేజి ప్రమాణాలు పెంచే పని ప్రభుత్వం తలపెట్టరాదని అమెరికా కాంగ్రెసు ఏటా బడ్జెటు చట్టాలలో షరతు పెడుతూ వచ్చింది. 2000లో మూడు కంపెనీలూ మూడు నమూనా కార్లు ప్రదర్శించాయి. ఒక్కటీ అమ్మకానికి రాలేదు. ఆ పథకంలో చోటే లేని జపాను టొయోటా కంపెనీ మాత్రం 1997లోనే ప్రియస్ కారును సొంతంగా బజారులో పెట్టింది. 2002లో పాత పథకాన్ని కట్టిపెట్టి కొత్త పేరుతో హైడ్రోజన్ కారు పథకం తెచ్చారు. 2003లో అధ్యక్షుడు బుష్ దానికి 120 కోట్ల డాలర్లు అడిగాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జనరల్ మోటార్సు తాను అంతకుముందు అద్దెకిచ్చిన ఇ.వి.-1 విద్యుత్తు కార్లను వెనక్కి తీసుకుని తుక్కు చేస్తున్నది. నడిపినవాళ్ళలో కొందరు మేము కొనుక్కుంటామని మొరపెట్టుకున్నా ఇవ్వలేదు.

విద్యుత్తుతో హైడ్రోజన్ చేసి, దాన్ని నొక్కి నింపి, తిరిగి విద్యుత్తుగా మార్చి చక్రం తిప్పితే మొదటి శక్తిలో మూడో వంతు మిగలడం కష్టం. బ్యాటరీలో పెడితే మూడింట రెండు వంతులకు పైగా మిగులుతుంది. ఇది పరిశోధన చేసి కనుగొనవలసిన రహస్యం కాదు. అయినా ఖర్చుకు ఒక ప్రయోజనం ఉన్నది: రేపటి కారును చూపించి నేటి కారును కాపాడుకోవడం. ఆ పథకాల్లో పనిచేసిన ఇంజనీర్లు నిజాయితీపరులే అయి ఉంటారు, వారు నేర్చుకున్నది కొంత తరువాత పనికివచ్చే ఉంటుంది. నా అభియోగం వాళ్ళమీద కాదు. ప్రశ్నను ఎవరు ఎన్నుకున్నారు, జవాబు ఆలస్యమైతే ఎవరికి లాభం అన్నదే అభియోగం.

ఇక మన ఇంటికి వద్దాం. 2003లో మన ప్రణాళికా సంఘపు కమిటీ ఒకటి అడవి ఆముదాన్ని దేశానికి దిక్కుగా చూపింది. కొన్ని చోట్ల నేపాళం అంటారే, ఆ మొక్క. బంజరులో పెరుగుతుంది, నీళ్ళక్కరలేదు, పశువు ముట్టదు, గింజలో నూనె ఉన్నది. 2011-12 నాటికి డీజిలులో 20 శాతం ఈ నూనె కలపవచ్చునన్నారు. మొక్క విషయంలో ఈ మాటల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, విడివిడిగా. కలిపితే అబద్ధం. నీళ్ళు లేకుండా బతుకుతుంది, కాని కాయదు. కాయాలంటే మంచి నేల, నీళ్ళు, ఎరువు కావాలి. అవి ఉన్న రైతు అడవి ఆముదం ఎందుకు వేస్తాడు? వరిని, జొన్నను మన పూర్వులు వేల ఏళ్ళు ఏరి ఏరి సాగులోకి తెచ్చారు. ఇది ఇంకా అడవి మొక్క. ఒక చెట్టు కాసినట్లు పక్క చెట్టు కాయదు. మేలైన రకం తయారుకాకముందే నాట్లు మొదలయినాయి. బంజరన్నది కూడా కాగితం మీద బంజరు. గొర్రె మేసేది, కట్టెపుల్ల ఏరుకునేది అక్కడే. 2024 నాటికి కూడా దేశంలో డీజిలులో కలిసే జీవ ఇంధనం నూటికి ఒక పాలు కాలేదు.

డెట్రాయిట్‌లో పరిశోధనను సాకుగా పెట్టి పని ఆపారు. ఇక్కడ పరిశోధన కాకముందే పని మొదలుపెట్టారు. వ్యవసాయ క్షేత్రంలో పదెకరాలలో పదేళ్ళు జరగవలసిన ప్రయోగం పేదరైతు చెలకలో జరిగింది. క్షేత్రంలో మొక్క కాయకపోతే శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసం రాస్తాడు. చెలకలో కాయకపోతే రైతు ఏం రాస్తాడు? నోటు రాస్తాడు, వడ్డీకి. తరువాత అధ్యయనాలు రాకపోలేదు. అవి ఇంగ్లీషు పత్రికలలో ఉన్నాయి. మొక్కలు పీకివేసిన రైతు దగ్గరకు మాత్రం ఆ తాత్పర్యం తిరిగి రాలేదు.

అదే కాలంలో, అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గ్రామంలో మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచాయి. కానుగ మన చెట్టు. దాని గింజ, నూనె, చెక్క అన్నీ ఆ ఊరికి ఎరుకే. 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపుకు సమానమని లెక్కగట్టి 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు ఇచ్చింది. చిన్న మొత్తం. దీన్ని చూపించి దేశమంతటికీ కానుగే దిక్కని నేను అనబోవడం లేదు. ఆ తప్పే గదా అడవి ఆముదం విషయంలో జరిగింది. తెలిసిన చెట్టుతో, తమ ఊళ్ళో, తామే ఒప్పుకుని చేసిన ప్రయోగం ఓడినా కొంప కూలదు. నేననేది అంతవరకే.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఎథనాలు కలుస్తున్నది. నూరేళ్ళు తిరిగి అదే ఆల్కహాలు. 2030కి అనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. దీనివల్ల ఇంజను బద్దలవుతుందని పుట్టిన పుకార్లలో చాలావరకు అతిశయోక్తి ఉన్నది. కాని లీటరు ఎథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఎథనాలు లేని పెట్రోలుకు తయారై 10 శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో 6-7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం మైలేజి తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసి ఉన్నది. ఆ నష్టాన్ని పూడ్చేందుకు పన్ను రాయితీ ఇవ్వాలని కూడా రాశారు. మిశ్రమం వచ్చింది, రాయితీ రాలేదు. పాత బళ్ళలో 20, 30 వేల కిలోమీటర్ల తరువాత కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చుననీ, అది స్వల్ప ఖర్చేననీ 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వశాఖ సెలవిచ్చింది. స్వల్పమే కావచ్చు. అద్దాల షోరూములో కొత్త కారు కొనేవాడికి అది అసలే లేదు, 2023 తరువాత వచ్చిన బళ్ళు దీనికి తట్టుకునేటట్లు తయారైనవే. పదిహేనేళ్ళ మోటారు సైకిలు మీద గుడ్డల మూటలు కట్టుకుని ఊరూరు తిరిగేవాడికే ఆ స్వల్పం.

బ్రెజిలు 1975లో ఆల్కహాలు పథకం మొదలుపెట్టింది. సైనిక ప్రభుత్వం; చెరకు కోతగాళ్ళ బతుకులు చెప్పనలవికానివి; ఆదర్శమని పొగడను. అయినా అక్కడ ప్రభుత్వ పరిశోధనశాలలో ఇంజనును ముందు మార్చి, తరువాత 1979లో ఆల్కహాలు కారును అమ్మారు. 1989లో ఆల్కహాలు కరువై బళ్ళు నిలిచిపోయి జనం మండిపడ్డారు. 2003లో రెండింటితోనూ నడిచే కారు వచ్చింది. ఏది పోయించుకోవాలో కొనేవాడు బంకు దగ్గర ధర చూసి తేల్చుకుంటాడు. మన దేశంలో ఎథనాలు లేని పెట్రోలు కూడా దొరికే ఏర్పాటు చేయాలన్న పిటిషనును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఈ వాదన విని, "మీ తెలుగు మేష్టర్లతో ఇదే చిక్కండీ. ప్రతివాణ్ణీ అడిగి ప్రయోగం చేయాలంటే నిప్పు కూడా కనిపెట్టి ఉండేవాళ్ళం కాదు. విదేశాలకు పోయే డాలర్లు మిగులుతున్నాయి, చెరకు రైతుకు బకాయిలు తీరుతున్నాయి. మీకు ఇంకేం కావాలి?" అన్నారు. చెరకు రైతు మాట నిజం, తోసివేయదగినది కాదు. కాని ఆ లెక్కలో రెండవ పేజీ కూడా చదవాలి. 2024-25లో భారత ఆహార సంస్థ గోదాములనుండి 52 లక్షల టన్నుల బియ్యం ఎథనాలుకు కేటాయించారు, కిలో 22 రూపాయల 50 పైసలకు. సేకరణకూ నిలవకూ అయిన ఖర్చు కంటె అది చాలా తక్కువ. ఆ తేడా ప్రజాధనమే, ఏ పరిశోధన పద్దులోనూ కనబడదు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో, గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025లో ఎథనాలు కర్మాగారాలకు వ్యతిరేకంగా ఊళ్ళు లేచాయి. వాళ్ళు ఆల్కహాలు రసాయన సూత్రాన్ని వ్యతిరేకించలేదు. మా నీళ్ళు ఏమవుతాయి, మా గాలి ఏమవుతుంది అని అడిగారు. దిలావర్‌పూర్ జనం రహదారి మీద బైఠాయించిన తరువాతగాని పనులు ఆగలేదు. ప్రతివాణ్ణీ అడగడం అసాధ్యమని నా మిత్రుడు అన్నారు. నష్టపోబోయేవాణ్ణి అడగడం సాధ్యమే, వాడు ఎక్కడుంటాడో అధికారులకు తెలుసు. శాస్త్రజ్ఞుడు పరిశోధనశాలలో ఏ ప్రశ్న అడిగినా నాకు అభ్యంతరం లేదు, భూమి వయస్సే అడగనీ. ఆ గోడ దాటి మరొకడి చెలకలోకి, మరొకడి బండిలోకి వచ్చిన మరుక్షణం వాడికి మాట్లాడే హక్కు వస్తుంది.

2022 ఆగస్టులో పానిపట్టులో 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో ఒక కర్మాగారం ప్రారంభించారు. పొలాల్లో తగలబెట్టే వరిగడ్డిని ఏటా 2 లక్షల టన్నులు తీసుకుని 3 కోట్ల లీటర్ల ఎథనాలు చేయాలని సంకల్పం. తిండిగింజ ముట్టకుండా గడ్డినుంచి ఇంధనం తీయడం ప్రపంచంలో చాలా చోట్ల ప్రయత్నించి చేతులు కాల్చుకున్న పని. గడ్డిలో ఇసుక, మన్ను ఉంటాయి, యంత్రాలు అరుగుతాయి, పీచును చక్కెరగా విడగొట్టే ఎంజైములు ఖరీదు. ఇది అనుకున్నంత ఫలించకపోయినా ప్రజాధనం తగలబడిందని కేకవేసేవాళ్ళతో నేను గొంతు కలపను. ప్రజలదైన కర్మాగారం, అడగవలసిన ప్రశ్న. అయితే గడ్డి టన్నుకు రైతు చేతికి ఎంత వచ్చింది, టన్నుకు ఎన్ని లీటర్లు దిగింది, నెలలో ఎన్ని రోజులు యంత్రం ఆగింది, ఎందుకు ఆగింది అనే లెక్కలు ఏటా హిందీలో, పంజాబీలో, తెలుగులో అచ్చువేసి పంచవచ్చు. దానికి కొత్త పరిశోధన ఏదీ అక్కరలేదు, ఒక ముద్రణాలయం చాలు.